మార్వాడీ ఆడగుర్రంతో డ్రెస్సాజ్‌లో ప్రిలిమినరీ దాటాలంటే ఏం చేయాలి? దగ్గర్లో కోచ్ లేరు

చాందినీ_ధర్మాబాద్

అందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. పగలంతా బ్యాంకు ఉద్యోగం, తెల్లవారుజామున ఊరి బయట మా మేనమామ చేనులో స్వారీ. నా గుర్రం చాందినీ, ఎనిమిదేళ్ల మార్వాడీ, ఎత్తు 14.2 హ్యాండ్స్ (భుజాల దగ్గర సుమారు నాలుగు అడుగుల పది అంగుళాలు), లోహా దగ్గర మాలెగావ్ ఖండోబా జాతరలో కొన్నాం. అంతకుముందు దాన్ని ఊరేగింపులకి వాడేవాళ్లు, రేవాల్ చాల్ బాగా నేర్పారు, పైన కూర్చుంటే చేతిలో టీ గ్లాసు కూడా ఒలకదు. జాతరలో అందరూ మెచ్చుకున్నది ఆ నడకనే. ఇప్పుడు నాకు అడ్డం వస్తున్నదీ అదే.

2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన జట్టుకి డ్రెస్సాజ్‌లో (గుర్రంతో నిర్ణీత నడకలు, వలయాలు చేయించి మార్కులు తెచ్చుకునే పోటీ) బంగారు పతకం వచ్చినప్పటి నుంచి నాకు ఈ ఆట మీద మనసు పడింది. సెలవు దొరికినప్పుడల్లా పూణే వెళ్లి ఒక క్లబ్బులో క్లాసులు తీసుకుంటున్నాను. అక్కడి గుర్రాల మీద వలయాలు, ట్రాన్సిషన్లు (ఒక నడక నుంచి ఇంకో నడకకి మారడం) బాగానే వస్తాయి. ఇంటికొచ్చి చాందినీ ఎక్కితే అంతా వేరే లెక్క. పోయిన చలికాలం ఒక చిన్న పోటీలో దాంతో ప్రిలిమినరీ టెస్ట్ (మొదట్లో ఉండే స్థాయి) చేశాను, 56 శాతం వచ్చింది. జడ్జి కాగితంలో రాసినవి ఇవి: ట్రాట్‌లో (నడక కంటే వేగమైనది) లయ నిలకడగా లేదు, తల పైకెత్తి కళ్ళేన్ని తప్పించుకుంటోంది, వలయం గుండ్రంగా లేదు, ఎడమ క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన దౌడు) తప్పు కాలుతో మొదలైంది.

క్లబ్బులో ఒకరిద్దరు "మార్వాడీతో డ్రెస్సాజ్ ఏంటి, గుర్రాన్ని మార్చెయ్" అంటున్నారు. దాన్ని అమ్మడం నాకు ఇష్టం లేదు. దాని పై స్థాయి నోవిస్ దాకా అయినా దీంతో వెళ్లగలనా? కోచ్ లేకుండా ఇంటి దగ్గర రోజూ ఏం చేయాలి? తల కిందికి రావడానికి సైడ్ రెయిన్స్ (కళ్ళెం నుంచి పక్కలకి కట్టే పట్టీలు) కట్టమని ఒకరన్నారు, అది కూడా చెప్పండి. ఎండాకాలం వస్తోంది, ఆ టెన్షన్ వేరే ఉంది.


పాత_దఫేదార్, గుణుపూర్

అమ్మా, నేను కావల్రీలో చేసి రిటైరై ఇప్పుడు ఒడిశాలో మా ఊళ్లోనే ఉంటున్నాను. నీ జడ్జి నాలుగు మాటలు రాశాడు గానీ నాకు కనిపిస్తున్న జబ్బు ఒక్కటే, లయ. అది కుదిరితే మిగతా మూడూ సగం వాటంతటవే సర్దుకుంటాయి. జర్మన్ల శిక్షణ మెట్లలో కూడా మొట్టమొదటిది లయ, ఆ తర్వాత ఒళ్లు వదులుగా ఉండటం, ఆ తర్వాతే కళ్ళెంతో సంబంధం, ఆపైన ఊపు, తిన్నదనం, చిట్టచివర కలెక్షన్, అంటే బరువు వెనక కాళ్ల మీదకి తెచ్చి ఒళ్లు కూడదీసుకోవడం. నువ్వు మూడో మెట్టు గురించి అడుగుతున్నావు, నీ గుర్రం మొదటి మెట్టు మీద ఉంది. అందుకే తల కిందికి దించే ఉపాయాలు ఇప్పుడు వద్దు. సైడ్ రెయిన్స్ కడితే మెడ ఒంగుతుంది, వీపు మాత్రం గట్టిపడిపోతుంది, వీపు గట్టిపడగానే రేవాల్ ఇంకా ఎక్కువగా వస్తుంది.

ఎందుకో చెప్తాను. మంచి ట్రాట్‌లో, మేం దుల్కీ అనేదాంట్లో, ఎడమ వెనక కాలు కుడి ముందు కాలు కలిసి పడతాయి, తర్వాత ఆ రెండో జత. రెండే దెబ్బలు, మధ్యలో నాలుగు కాళ్లూ గాల్లో ఉండే ఒక క్షణం. రేవాల్‌లో ఒక పక్క కాళ్లు దాదాపు వెంటవెంటనే పడతాయి, గాల్లో ఉండే క్షణం ఉండదు, అందుకే అంత మెత్తగా ఉంటుంది. గుర్రానికి భయం వేసినా, తొందర పెట్టినా, నోరు నొప్పెట్టినా అలవాటైన రేవాల్‌లోకి జారిపోతుంది. జడ్జి దాన్నే లయ లేదని రాశాడు.

నువ్వు పైన కూర్చుని తెలుసుకునే మార్గం కూడా ఉంది. రైజింగ్ చెయ్యి. బయటి వైపు ముందు భుజం ముందుకి వెళ్తున్నప్పుడు లేవాలి, ఆ కాలు నేల మీద ఉన్నప్పుడు కూర్చోవాలి. గుర్రం నిజంగా ట్రాట్‌లో ఉంటే అదే నిన్ను పైకి లేపుతుంది. రేవాల్‌లోకి జారిన మరుక్షణం నిన్ను లేపేది ఏమీ ఉండదు, నువ్వే బలవంతంగా లేవాల్సి వస్తుంది. అలా అనిపించగానే పగ్గం లాగొద్దు, కొట్టొద్దు, నెమ్మదిగా నడకకి తెచ్చి, నాలుగు దెబ్బలూ విడివిడిగా వినిపించేదాకా నడిపించి, మళ్లీ అడుగు. మంచి ట్రాట్ ఎనిమిది పది అడుగులు ఇచ్చిందా, అది జారకముందే నువ్వే నడకకి తీసుకొచ్చి మెడ నిమురు. మెల్లగా ఇరవై అడుగులు అవుతాయి, తర్వాత అర వలయం అవుతుంది. తొందరపడే పని కాదు ఇది.

రెండో సాధనం నేల మీద కర్రలు. జామాయిల్ కర్రలు బరువైనవి తీసుకో, ప్లాస్టిక్ పైపులు కాలు తగిలితే దొర్లిపోతాయి, ప్రమాదం. ముందు ఒక్క కర్ర పెట్టి నడకలో దాటించు. అలవాటయ్యాక ఒకేసారి మూడు పెట్టు, రెండు పెడితే కొన్ని గుర్రాలు కలిపి దూకేస్తాయి. నీ గుర్రం ఎత్తుకి ట్రాట్‌లో కర్రకీ కర్రకీ మధ్య 1.2 మీటర్లతో మొదలుపెట్టి, దాని అడుగు కర్రల మధ్యలో పడేలా కొంచెం అటూ ఇటూ సర్దుకో. కర్రల మీద రేవాల్ నడవడం కష్టం, కాలు ఎత్తి వికర్ణంగా వేయక తప్పదు. సైన్యంలో పాత గుర్రాలకి కూడా మేం ఇదే చేసేవాళ్లం.

ఇక వలయం. నీకు అరీనా, అంటే కొలిచి గీసిన స్వారీ మైదానం ఉందా? లేకపోతే గుండ్రంగా రావడం జరిగే పని కాదు. 20 మీటర్లు, 40 మీటర్లు తాడుతో కొలువు, మూలలు సరిగ్గా వచ్చాయో లేదో తెలియాలంటే మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా 44.7 మీటర్లు రావాలి. అక్షరాలు రంగు డబ్బాల మీద రాసి పెట్టు: ఏ (A) దగ్గర ప్రవేశం, అక్కడి నుంచి కే, ఈ (E), హెచ్, ఎదురుగా జడ్జి కూర్చునే సీ, తర్వాత ఎమ్, బీ, ఎఫ్. మూల నుంచి కే దాకా 6 మీటర్లు, కే నుంచి ఈ దాకా 14. ఏ (A) దగ్గర 20 మీటర్ల వలయం చేస్తే అది పొడవు గోడని కే దగ్గర తాకదు, మూల నుంచి 10 మీటర్ల దగ్గర, అంటే కే దాటి 4 మీటర్ల తర్వాత తాకి, మధ్యలో ఎక్స్ మీదుగా వెళ్తుంది. చాలామంది కే దాకా మూలలోకి వెళ్లిపోయి వలయాన్ని డబ్బాలా చేస్తారు. ఏ (A), ఎక్స్, రెండు పొడవు గోడలు, ఆ నాలుగు చోట్లా సున్నంతో గుర్తు పెట్టుకుని ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి మాత్రమే చూస్తూ వెళ్లు.


నాందేడ్_గుర్రాల_ఇల్లు

దఫేదార్ సాబ్ చెప్పింది నిజమే. కానీ చెల్లీ, ఇంకో వైపు కూడా చూడు. మా ఇంట్లో మూడు తరాలుగా గుర్రాలున్నాయి, మాలెగావ్‌లో కొనడం అమ్మడం మాకు మామూలు. రేవాల్‌లో రెండు రకాలు. కొన్ని గుర్రాలు పుట్టుకతోనే ఆ నడక తెచ్చుకుంటాయి, కూన తల్లి వెనక పరిగెత్తేటప్పుడే కనిపిస్తుంది. కొన్నిటికి కళ్ళెంతో తల పైకి పట్టి, వెనక నుంచి తరిమి నేర్పుతారు. రెండో రకమైతే మంచి ట్రాట్ లోపలే ఉంది, బయటికి తీయొచ్చు. అది తెలుసుకోవాలంటే దాని మీద ఎక్కకు, చేనులో తాడు లేకుండా వదిలి ఆడుకునేటప్పుడు చూడు, ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపించి చూడు. స్వేచ్ఛగా ఉన్నప్పుడు జతలు వికర్ణంగా పడుతున్నాయంటే నీ చాందినీకి డ్రెస్సాజ్ వస్తుంది. ఎవరూ లేనప్పుడు కూడా రేవాలే వేస్తుంటే, దాన్ని మార్చడానికి ఏళ్లు పడుతుంది, పూర్తిగా మారకపోవచ్చు కూడా. అలాంటి మంచి రేవాల్ గుర్రాన్ని పాడు చేయడం నాకైతే బాధగా ఉంటుంది, ఆ నడకకి మా దగ్గర ఎంత విలువో నీకు తెలుసు.

ఇంకోటి, నోరు చూపించావా? ఊరేగింపు గుర్రాలకి ముళ్ల కళ్ళెం వేసే అలవాటు ఇంకా పోలేదు. బండి లాగే, బరువు మోసే జంతువులకి ముళ్లున్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి నిబంధనల్లోనే ఉంది, అయినా జాతరలో బాహాటంగా వేలాడదీసి అమ్ముతారు. దాని నాలుక మీద, చిగుళ్ల మీద పాత మచ్చలుంటే తల ఎత్తడం మొండితనం కాదు, భయం. లావుగా నున్నగా ఉన్న స్నాఫిల్ (మామూలు మెత్తటి కళ్ళెం) వేసి చాలా కాలం ఓపిక పట్టాలి. నాట్యం నేర్పిన గుర్రమా అన్నది కూడా అమ్మినవాళ్లని అడుగు. పెళ్లిళ్లలో డప్పు మోగితే కాళ్లు ఎగరేసే గుర్రాలని చూసి జనం ముచ్చట పడతారు, వాటిలో చాలావాటికి కర్ర భయంతోనే ఆ ఆట వచ్చింది. పైన మనిషి కాలు కదిపితే వణికే గుర్రానికి కాలితో సంకేతం నేర్పడం మొదటి నుంచి మొదలుపెట్టడమే.

నేల సంగతి ఎవరూ చెప్పలేదు. మన దగ్గర అంతా నల్లరేగడి. వానల్లో గిట్టకి మణుగుల కొద్దీ అంటుకుంటుంది, లాడం ఊడబీకేస్తుంది. ఎండాకాలం బిగుసుకుని పగుళ్లు పడుతుంది, ఆ పగుల్లో కాలు పడిందంటే కథ అయిపోయినట్టే. సోయా కోసిన చేనులో చలికాలం కొన్ని వారాలు బాగుంటుంది గానీ ఏడాదంతా దాని మీదే స్వారీ చేస్తే కాళ్ల నరాలు పోతాయి. ఒక మూల 20 బై 40 జాగాలో మొరం కొట్టి, రోలర్ తిప్పి, నీళ్లు పోయేలా కొంచెం వాలు పెట్టి, పైన రెండు మూడు అంగుళాల ఇసుక వేయించు. అంతకంటే మందంగా వేస్తే కాళ్లు దిగబడి కండరాలు లాగేస్తాయి. మీ మామని ఒప్పించు, ఖర్చు అవుతుంది కానీ కొత్త జీను కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది.


బల్లార్షా_రైడర్

నేను చంద్రపూర్ జిల్లా నుంచి, నాది కూడా మీలాంటి పరిస్థితే, ఉద్యోగం, కుటుంబం, మిగిలిన టైమ్‌లో గుర్రం. పూణే, ముంబై పోటీలకి వెళ్తుంటాను. పై ఇద్దరూ గుర్రం గురించి బాగా చెప్పారు, నేను మార్కుల గురించి చెప్తాను, ఎందుకంటే 56 చూసి మీరు అనవసరంగా దిగాలు పడుతున్నారని అనిపించింది.

ప్రతి కదలికకీ 0 నుంచి 10, అరమార్కులు కూడా ఇస్తారు. 5 అంటే అంతంతమాత్రం, 6 అంటే సంతృప్తికరం, 7 అంటే చాలావరకు బాగుంది. అంటే 56 అన్నది సగటున అయిదున్నర పైన. పారిస్ ఒలింపిక్స్‌లో అనుష్ అగర్వాలాకి, మన దేశం నుంచి ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో దిగిన మొదటి రైడర్ ఆయనే, సర్ కారమెల్లో ఓల్డ్ మీద వచ్చింది 66.444 శాతం. టెస్ట్ స్థాయి వేరు, నిజమే, కానీ ఈ ఆటలో నూటికి తొంభైలు చూడాలనుకుంటే మనసు ఊరికే విరిగిపోతుంది.

మీ 56ని 60 దాటించడానికి గుర్రం మారాల్సిన పని లేదు. ప్రవేశం, ఎక్స్ దగ్గర నిలవడం, నమస్కారం, మళ్లీ నిలవడం, వలయాల కొలత, అక్షరం దగ్గరే ట్రాన్సిషన్, ఇవన్నీ గుర్రం ప్రతిభతో సంబంధం లేని మార్కులు. అక్షరం దగ్గర అంటే గుర్రం ముక్కు కాదు, మీ శరీరం అక్షరం దాటుతున్నప్పుడు జరగాలి. నిలిచినప్పుడు నాలుగు కాళ్లూ చతురస్రంగా ఉండాలి, దీన్ని రోజూ గేటు దగ్గర దిగే ముందు సాధన చేయొచ్చు. చాలా టెస్టుల్లో ఫ్రీ వాక్‌కి రెండింతల మార్కులు. అక్కడ పగ్గం పూర్తిగా ఇచ్చి, మెడ ముందుకి కిందికి చాచనిస్తూ, వెనక గిట్ట ముందు గిట్ట గుర్తుని దాటి పడేలా నడిపించాలి. మార్వాడీలు నడకలో చురుగ్గా ఉంటాయి, చాందినీ నమ్మకంగా మెడ చాచడం నేర్చుకుంటే ఆ ఒక్క చోటే మీకు ఏడు రావచ్చు. అందరూ దాన్ని విశ్రాంతి అనుకుని వదిలేస్తారు, నాకు చాలా కోపం వచ్చే విషయం ఇది.

ఇక ఎడమ క్యాంటర్. కాలు తప్పు పడటానికి మూలం గుర్రం వంకరగా ఉండటం. ప్రతి గుర్రానికీ మనలాగే వాటం వైపు ఒకటి ఉంటుంది. క్యాంటర్‌లో మూడు దెబ్బలు: ఎడమ క్యాంటర్ అంటే కుడి వెనక కాలు మొదట, తర్వాత ఎడమ వెనక కాలు కుడి ముందు కాలు కలిసి, చివర ఎడమ ముందు కాలు. అంటే మీరు అడగాల్సింది కుడి వెనక కాలుని. మీ కుడి కాలు నడుం పట్టీకి కొంచెం వెనక, ఎడమ కాలు పట్టీ దగ్గర, ఎడమ కంటి కొస మీకు కనిపించేంత మాత్రం తల లోపలికి, బయటి పగ్గం నిలకడగా. అడిగే చోటు ముఖ్యం, వలయంలో గోడ వైపు తిరిగి వస్తున్నప్పుడో మూలలోనో అడగండి, పొడవు గోడ మధ్యలో వద్దు. తప్పు కాలు పడితే గొడవ చేయకుండా ట్రాట్‌కి వచ్చి, లయ కుదిరాక మళ్లీ అడగండి. ట్రాట్ పరుగులా ఉన్నప్పుడు క్యాంటర్ అడిగితే ఏ కాలు పడుతుందో దేవుడికే తెలుసు. అన్నట్టు మీ వెనక నుంచి ఎవరైనా వీడియో తీస్తే, మీరే ఎడమ వైపు నడుం కుంగి కూర్చుంటున్నారేమో చూసుకోండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కోచ్ లేకుండా ఎలా అంటే, ఫోన్‌ని స్టాండు మీద సీ దగ్గర పెట్టి టెస్ట్ మొత్తం తీయండి, జడ్జికి కనిపించేది అదే. మరో రోజు ఈ (E) దగ్గర పెట్టి తీయండి, అక్కడి నుంచి లయ, తల, వీపు కనిపిస్తాయి. తర్వాత టెస్ట్ కాగితం ముందు పెట్టుకుని మీకు మీరే మార్కులు వేసుకోండి, జడ్జి వేసిన వాటితో పోల్చండి. పూణే కోచ్‌కి అరగంట వీడియో పంపకుండా రెండు నిమిషాలది ఒక్క ప్రశ్నతో పంపండి, అప్పుడు జవాబు వస్తుంది.


చాందినీ_ధర్మాబాద్

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. నాందేడ్ అన్నా, మీరు చెప్పినట్టు నిన్న సాయంత్రం తాడు లేకుండా వదిలి వీడియో తీశాను. మొదట భయంగా రేవాల్ వేసింది, కాసేపయ్యాక తోక ఎత్తి చేను చుట్టూ మంచి ట్రాట్ వేసింది, వీడియోని నెమ్మదిగా నడిపించి చూస్తే జతలు వికర్ణంగానే ఉన్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నోట్లో మాత్రం నాలుక మీద ఒక అడ్డ మచ్చ ఉంది, ఇన్నాళ్లూ అది పుట్టుమచ్చ అనుకున్నాం.

దఫేదార్ బాబాయ్, పగ్గం గురించి ఇంకొంచెం చెప్పండి. పగ్గం వదులు చేస్తే పరిగెడుతుంది, పట్టుకుంటే తల ఎత్తుతుంది. మధ్యలో ఏం చేయాలో అర్థం కావడం లేదు.


పాత_దఫేదార్, గుణుపూర్

చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తావు చూడు, వదలవు, నలపవు, వాడు లాగినా నీ చెయ్యి వాడితో పాటే కదులుతుంది. పగ్గం అలా ఉండాలి. మోచెయ్యి నుంచి కళ్ళెం దాకా ఒకే తిన్నని గీత, ఆ గీత దాని తలతో పాటు కదలాలి. నడకలో దాని తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, నీ మోచేతులు కూడా ఊగాలి. ట్రాట్‌లో తల స్థిరంగా ఉంటుంది, నువ్వు లేచి కూర్చుంటున్నప్పుడు మోచేతులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటేనే చేతులు ఒక చోట ఉంటాయి. అది రాని వాళ్ల చేతులు లేచిన ప్రతిసారీ నోటిని కొడతాయి, మచ్చ ఉన్న నాలుకకి అది ఎలా ఉంటుందో ఆలోచించు.

పరిగెడితే రెండు చేతులతో లాగొద్దు. రైజింగ్ వేగం తగ్గించు, దానికంటే నువ్వు నెమ్మదిగా లేచి నెమ్మదిగా కూర్చో, చాలా గుర్రాలు నీ లయకి వచ్చేస్తాయి. వలయంలోకి తిప్పు. హాఫ్ హాల్ట్ అంటే కూడా లాగడం కాదు, నడుం ఒక్క క్షణం బిగించి, బయటి పగ్గం వేళ్లు మూసి, వెంటనే తెరవడం. తెరవడమే అందులో ముఖ్యమైన భాగం. తెరవకపోతే అది బ్రేకు.

తల సంగతి: మార్వాడీకి మెడ పుట్టుకతోనే ఎత్తుగా ఉంటుంది. దాని తల వార్మ్‌బ్లడ్ (యూరప్ పోటీ జాతి) గుర్రం తల ఉన్న చోట ఉండాలని చూడకు. తల వెనక భాగం అన్నిటికంటే ఎత్తులో, ముక్కు నిలువు గీతకి కొంచెం ముందు, నియమం అంతే. రోజూ మొదట పది నిమిషాలు పొడవు పగ్గంతో నడక, చివర పొడవు పగ్గంతో ట్రాట్, అది మెడ కిందికి చాచి ముక్కుతో ఊపిరి బుస్సుమని వదిలిందంటే ఆ రోజు పని బాగా జరిగినట్టు. అక్కడితో దిగిపో.


గుర్రం_మార్చేవాడు

ఇంత కష్టం ఎందుకు, హైదరాబాద్ లేదా పూణే రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ ఒకటి తెచ్చుకోండి. మూడు నడకలూ శుభ్రంగా ఉంటాయి, ఎత్తుంటుంది, తక్కువ ధరకే వస్తాయి. ఏషియన్ గేమ్స్ బంగారం గెలిచిన సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ నలుగురూ యూరప్‌లో శిక్షణ తీసుకుని అక్కడి గుర్రాల మీదే గెలిచారు, మార్వాడీల మీద కాదు.


బల్లార్షా_రైడర్

ఆ స్థాయికి ఆ గుర్రాలే కావాలి, ఎవరూ కాదనరు. ఇక్కడ ప్రశ్న ప్రిలిమినరీ నుంచి నోవిస్‌కి. నోవిస్‌లో వలయాలు చిన్నవవుతాయి, అడుగు కొంచెం పొడిగించి చూపాలి, ట్రాన్సిషన్లు దగ్గర దగ్గరగా వస్తాయి, ఇవేవీ ఆరోగ్యంగా ఉన్న మార్వాడీకి అందనివి కావు. రేసు గుర్రం నేను కూడా ఎక్కాను, అది పరిగెత్తడమే నేర్చుకుని వస్తుంది, వేగం తగ్గించి వీపు వదులు చేయడానికి దానికీ ఇంతే ఓపిక కావాలి. పైగా పల్చటి గిట్టలు, ధర్మాబాద్ ఎండ, ఆ నల్లరేగడి. కొన్న ధర తక్కువే, మేపడం తక్కువ కాదు. ఆవిడ అమ్మనని మొదట్లోనే చెప్పారు కదా.


దెగ్లూర్_పశువైద్యుడు

ఎండాకాలం గురించి అడిగారు, ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు పని సూర్యుడు పైకి రాకముందే అయిపోవాలి. విశ్రాంతిలో గుర్రం ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 డిగ్రీలు, గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16. మీ గుర్రం సొంత అంకెలు చల్లటి పొద్దున ఒకసారి రాసి పెట్టుకోండి. స్వారీ అయ్యాక పావుగంటకి కూడా ఊపిరి బాగా వేగంగా ఉంటే పని ఎక్కువైందని. ఒంటి మీద నీళ్లు పోసి, చేత్తోనో రేకుతోనో తుడిచేసి, మళ్లీ పోయండి. నీడలో గాలి తగిలేలా నడిపించండి. వేడిగా ఉన్నప్పుడు తాగడానికి నీళ్లు ఇవ్వకూడదన్నది పాత భయం, కొద్దికొద్దిగా ఇవ్వండి. చెమటలో ఉప్పు చాలా పోతుంది, దొడ్డిలో ఉప్పురాయి ఎప్పుడూ ఉండాలి.

నాలుక మచ్చ చూపించండి, దాంతో పాటే దంతాలు కూడా. పై దవడలో నమిలే పళ్లకి ముందు చిన్న వుల్ఫ్ టూత్ ఉంటే కళ్ళెం దానికి తగిలి తల విసురుతుంది. నమిలే పళ్ల అంచులు వాడిగా ఉంటే అరగదీయించాలి. జీను కింద వీపు మీద తెల్ల వెంట్రుకల మచ్చలున్నాయా? ఊరేగింపు జీనులు అక్కడ నొక్కేసి ఉంటాయి. చేత్తో వెన్ను పక్కన నొక్కితే కుంగిపోతుంటే ముందు ఆ సంగతి చూడాలి, ట్రాట్ తర్వాత.

వానాకాలంలో జోరీగల వల్ల సర్రా వస్తుంది. జ్వరం వచ్చి తగ్గి మళ్లీ వస్తుంది, మేత తింటున్నా చిక్కిపోతుంది, కాళ్లు, పొట్ట కింద వాపు. బద్ధకం అనుకుని స్వారీ చేస్తూ పోకండి, రక్తం పరీక్ష చేయించండి. పోటీకి తీసుకెళ్లే ముందు గ్లాండర్స్ పరీక్ష తప్పనిసరి అనుకోండి, అది మనుషులకి కూడా సోకే జబ్బు. రిపోర్టు రావడానికి టైమ్ పడుతుంది, కాబట్టి ఎంట్రీ కట్టే ముందే నిర్వాహకులని ఏ కాగితాలు కావాలో అడిగి రక్తం పంపించండి.


చాందినీ_ధర్మాబాద్

డాక్టర్ గారూ, వీపు మీద ఎడమ వైపు రెండు తెల్ల మచ్చలున్నాయి, నొక్కితే కదిలిపోతోంది. ఎడమ క్యాంటర్‌కీ దీనికీ సంబంధం ఉంటుందా? ఆదివారం దెగ్లూర్ తీసుకురావచ్చా, లేక మీరే ఇటు వస్తారా?


దెగ్లూర్_పశువైద్యుడు

ఉండొచ్చు, చూడకుండా చెప్పను. వాహనంలో ఎక్కించి తీసుకురావద్దు, నేనే వస్తాను. ఆదివారం దాకా జీను వేయకండి, తాడు పట్టుకుని నడిపించండి, దఫేదార్ గారి కర్రలు నడకలో దాటించండి, అది మనిషి బరువు లేకుండా కూడా చేసుకునే పనే. మీరు వాడే జీను, కింద వేసే నమ్‌దా, పాత కళ్ళెం ఉంటే అదీ, అన్నీ బయట పెట్టి ఉంచండి.


నాందేడ్_గుర్రాల_ఇల్లు

నేనూ వస్తాను డాక్టర్ సాబ్. మా దగ్గర రెండు మూడు సైజుల జీనులున్నాయి, దాని వీపుకి ఏది సరిపోతుందో పెట్టి చూద్దాం. చెల్లీ, మొరం సంగతి కూడా ఆ రోజే మీ మామతో మాట్లాడదాం, ట్రాక్టర్ నేను పంపిస్తాను.